అత్తగారి చేతి ముద్ద

కూరగాయల బండివాడు పక్కింటావిడకు చెప్పాడట. ఆవిడ ఊరుకుంటుందా, గోడ మీదుగా తల పెట్టి, బట్టలు కుట్టుకుంటున్న అత్తగారికి చేరవేసింది. "నడి బజార్లో మీ కోడలు వండే హోటలు లేదూ, అక్కడ నల్లబల్ల మీద మిమ్మల్ని రాసి అమ్ముతున్నారట వదినా."

అత్తగారు నోట్లో పట్టుకున్న సూది తీసింది. "నన్నా? కిలో ఎంతకట?"

అమ్ముతున్నది ఆవిడను కాదు, ఆవిడ చేసే బంగాళాదుంప ముద్దను. దుంపలు ఉడికించి, మెదిపి, పాలూ వెన్నా పోసి సన్నసెగన పెట్టడమే. కానీ అందులో ఒక కమ్మటి పొగవాసన ఉండేది. దాని కోసం ఇంటిల్లిపాదీ పడిచచ్చేవాళ్ళు. ఏం వేస్తావని ఎవరడిగినా, "చెయ్యి తిరగాలి" అని నవ్వి ఊరుకునేది. ముప్పై ఏళ్ళుగా ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చింది.

కొడుకు నోరు ఊరుకోక ఈ ముద్ద గొప్పతనం హోటలు యజమాని దగ్గర ఊదాడు. యజమాని 'అత్తగారి బంగాళాదుంప ముద్ద' అని బల్ల మీద రాసేసి, వండే పని కోడలి నెత్తిన పెట్టాడు. ఆ పిల్ల పొగ పట్టిన ఉప్పు వేసి చూసింది, కాల్చిన వెల్లుల్లి వేసి చూసింది. ఆయన రోజూ ఒక చెంచా నాకి పెదవి విరిచేవాడు. చివరికి తేల్చేశాడు. "శనివారం మీ అత్తగారిని పిలువు. ఆవిడ ఇదే అంటే నువ్వే పెద్ద వంటమనిషివి. కాదంటే మళ్ళీ ఉల్లిపాయలు తరుగు."

శనివారం మధ్యాహ్నం కొడుకు తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. కొత్త బల్లల్ని గీకి గీకి పాతవాటిలా చేసిన గది అది. అత్తగారు ముందుగా బల్ల మీద మడిచిపెట్టిన చేతిరుమాలు తిరగేసింది.

"అంచు కుట్టు వంకర."

"అమ్మా, తినడానికొచ్చాం."

అరచేయంత ఇనుప మూకుడులో ముద్ద వచ్చింది, నెత్తిన ఒక ఆకుతో. ఆకు తీసి పక్కన పెట్టి, ఒక చెంచా నోట్లో వేసుకుంది.

"బాగుంది. నాది కాదు."

యజమాని వంటగది వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలి ముఖం పాలిపోయింది. అత్తగారు లేచి, ఆ పిల్ల వెనకే లోపలికి నడిచింది.

కోడలు మళ్ళీ గిన్నె పెట్టింది. "అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా. ఏం వేస్తారో చెప్పండి." మాట్లాడుతోందే గానీ చేతిలో గరిటె క్షణం ఆగడం లేదు. అత్తగారు ఆ గరిటెనే చూసింది. తానెన్నడూ అలా కలిపిన పాపాన పోలేదు.

"నీ చొక్కా బొత్తాం వేలాడుతోంది. ఇటు రా."

"ఇప్పుడా? అడుగంటుతుంది అత్తయ్యా."

"కదలకు, సూది గుచ్చుకుంటుంది."

సంచీలోంచి సూదీ దారం తీసి తీరిగ్గా కుట్టింది. ముడి వేసింది. ముడి మీద ముడి వేసింది. మధ్యలో పక్కింటావిడ రవికె మూడుసార్లు విప్పి కుట్టిన కథ చెప్పింది. కోడలు పొయ్యి వైపు మెడ సాచినప్పుడల్లా దారం లాగింది. వాసన ముక్కుకు తగలగానే పంటితో దారం తెంపి, "ఇప్పుడు దించు" అంది.

యజమాని ఒక చెంచా తిన్నాడు. మూకుడు ఖాళీ చేశాడు.

"ఇదీ ముద్దంటే. అమ్మగారూ, రేపటినుంచి మీరే రండి. అమ్మాయి ఉల్లిపాయలు చూసుకుంటుంది."

"నే చెప్పలా, అంతా మా అమ్మ చేతిలోనే ఉందని" అన్నాడు కొడుకు, ఛాతీ పొంగిపోయి.

కోడలు కొత్తగా కుట్టిన బొత్తాం పట్టుకుని నేల చూస్తోంది. అత్తగారు ఆ పిల్లను చూసింది, కొడుకును చూసింది. సూదిని దారపు ఉండకు గుచ్చింది.

"నా చెయ్యి పొయ్యి దగ్గరెప్పుడుందిరా, మిషను మీద ఉండేది. మాడు వాసనొస్తేనే లేచేదాన్ని. ముప్పై ఏళ్ళు నువ్వూ మీ నాన్నా మాడిందే తిన్నారు." యజమాని వైపు తిరిగింది. " మాడబెట్టడానికి నేనెందుకు బాబూ, ఈ పిల్లకూ వచ్చేసింది."