ఖంగుమనే రాయి

బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి బుద్ధిగా ఓ మూల కూర్చుంటాడనుకుంటాం. ఈయన కూర్చుంటేనా! వాగు ఒడ్డున చెకుముకి రాళ్లు ఏరుకొచ్చి, పెరట్లో స్టూలేసుకుని, తొడ మీద తోలు ముక్క పరుచుకుని, ఆదిమానవులు చేసుకున్నటువంటి బాణం ములుకులు చెక్కడం మొదలుపెట్టాడు. గుండ్రాయితో కొట్టి పెచ్చులు లేపడం, రాగి కడ్డీతో అంచు నొక్కి పదును తేవడం, అంతా సొంతంగా నేర్చుకున్నదే. నిజంగా పాతవని ఎవరూ పొరబడకుండా ప్రతిదాని అడుగునా ఓ చుక్క చెక్కేవాడు. పెరడంతా రాతి పెచ్చులే. చెప్పుల్లేకుండా బట్టలారేయడానికి వెళ్లిన రోజున ఆయన భార్య ఆయన్నీ ఆయన రాళ్లనీ కలిపి దులిపేసింది.

ఈ పనికి చేతులెంత ముఖ్యమో చెవీ అంతే. తట్టి చూస్తే రాయి ఖంగుమనాలి. మొద్దుగా మోగిందంటే లోపల పగులున్నట్టే. ఎంత ముద్దుగా చెక్కినా చివర్లో రెండు ముక్కలై కూర్చుంటుంది. ఈమధ్య ఆయన చేతిలో అన్నీ అలాగే అవుతున్నాయి. రాళ్లే మంచివి దొరకడం లేదని అందరితో అంటున్నాడు గానీ, అసలు సంగతి ఆయనకు తెలుసు. మనుషుల మాటలు వినపడుతున్నాయి, రాతిలోని ఆ సన్నని మోత మాత్రం అందడం లేదు. ఏళ్ల తరబడి ఇంజను పక్కన కూర్చున్న చెవులు మొరాయించాయి. ఆ ముక్క బయటపెడితే ఇక చెక్కింది చాల్లే అంటారేమోనని ఆయన భయం.

ఇంతలో మ్యూజియంలో పనిచేసే, అప్పుడప్పుడూ ఆయన ములుకులు తీసుకెళ్లే అమ్మాయి వచ్చి, పిల్లలు చేత్తో పట్టుకుని చూసేందుకు పెద్ద ఈటె మొన ఒకటి కావాలంది. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. తీరా చూస్తే అంత మొనకు సరిపడే రాళ్లు రెండే మిగిలాయి. వాగు గట్టుకు కాంక్రీటు పోసేశారు, కొత్తవి దొరికే దారి లేదు. పొద్దుటి నుంచీ అదీ ఇదీ తట్టుకుంటూ కూర్చున్నాడు. ఇదీ విరిగితే సామానంతా మూటగట్టి అటకెక్కించేద్దామని తేల్చుకుని, చేతికందిన దాని మీదకు గుండ్రాయి ఎత్తాడు.

"ఏమండీ, అది కాదు. రెండోది తీసుకోండి," అని వంటింటి కిటికీలోంచి భార్య కేకేసింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"రోజూ గిన్నెలు తోముతూ వింటున్నదే కదా. విరిగేవేవో నాకు ముందే తెలుస్తున్నాయి. మీకు వినపడట్లేదనీ తెలుసు. మీరే చెబుతారని ఊరుకున్నా."

ఆయనకు తలకొట్టేసినట్టయింది. ఆ వెంటనే నవ్వు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ దొంగలా దాచింది ఎవరి దగ్గర! గుండెల మీంచి బరువు దిగిపోయినట్టయి, లోపలికి వెళ్లి తనే ఇంకో స్టూలు తెచ్చి వేశాడు. ఆవిడ ఈసారి చెప్పులేసుకుని మరీ వచ్చి కూర్చుంది. ఆయన తడితే ఆవిడ వింటుంది. ఆవిడ సరేనంటే ఆయన కొడతాడు. మధ్యలో ఒకచోట వద్దంటే వద్దంది, ఆయన రాయిని రెండోవైపు తిప్పాడు. సాయంత్రానికి జానెడు మొన, ఎక్కడా చిట్లకుండా, చేతికొచ్చింది. ఆయన ఆనందం పట్టలేకపోయాడు. అడుగున తన చుక్క చెక్కి, రాగి కడ్డీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చుక్క కాస్త వంకరగా పడింది.

మొన తీసుకెళ్లడానికి వచ్చిన మ్యూజియం అమ్మాయి, ఎప్పుడూ ఒకటే కదా, ఈసారి రెండు చుక్కలేమిటని అడిగింది.

"నాకు చెవులు పోయాయమ్మా. చెవులు ఈవిడవి," అన్నాడాయన, వీధి చివరిదాకా వినపడేలా.