కుడివైపు నొక్కితే నాలుగూ వెలిగాయి

నేను ఒక బుల్లి బల్బుని. మోటార్‌సైకిల్ మీటరులో, స్పీడు ముల్లు పక్కన, బాణం గుర్తున్న పచ్చ మూత కింద నా కాపురం. ఇండికేటరు వేస్తే వెలిగి ఆరుతూ, వేశావు సుమా, తీయడం మరిచిపోకు అని నడిపేవాడికి గుర్తుచేయడం నా పని. ఎడమకైనా కుడికైనా నేనొక్కదాన్నే. చెరో వైపుకీ ఒక బల్బు పెట్టి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. తయారుచేసినవాళ్లు పొదుపు చూసుకున్నారు. ఎడమ తీగను నా ఒక కాలికి, కుడి తీగను రెండో కాలికి కట్టి నన్ను మధ్యలో నిలబెట్టారు. మధ్యలో నిలబడేవాళ్ల గతి మీకు తెలియనిది కాదు.

మొదటి యజమాని వెంకునాయుడు ఇటుకల వ్యాపారి. బొబ్బిలిలో ఇండికేటరు వేస్తే విజయనగరం దాకా తీసేవాడు కాదు. వెనకవాళ్లు ఇప్పుడు తిరుగుతాడు, అప్పుడు తిరుగుతాడు అని పాపం ఆగి ఆగి వచ్చేవాళ్లు. నేను కళ్లెదుటే కొట్టుకుంటున్నా నన్ను చూసిన పాపాన పోలేదు. కారు కొన్నాక బండిని సింహాచలానికి అమ్మేశాడు.

సింహాచలం జనపనార మిల్లులో మగ్గాల మధ్య పనిచేసి రిటైరైన మనిషి. ఆ రొదకు చెవులు పోయాయి. వెనక హారను, ఇండికేటరు టిక్కుటిక్కు, ఏదీ వినిపించదు. భార్య గౌరమ్మ కనకాంబరాల బుట్టతో వెనక కూర్చుని, ఏ పక్కన బండి వస్తే ఆ భుజం మీద తడుతుంది. వెనక సంగతి ఆవిడది, ముందు సంగతి నాది. నన్ను చూసే మనిషి దొరికాడని మురిసిపోయాను. ఆ మురిపెం తీరేలోపే ముసలిదాన్నయ్యాను.

పూల మార్కెట్‌కు వెళ్లాలంటే హైవే మీద కుడికి తిరగాలి. తెల్లవారుజాము మంచులో పాత ఇండికేటర్లు లారీవాళ్ల కంటికి ఆనవని సింహాచలం భయం. తన కోసం కాదు, వెనక కూర్చున్న మనిషి కోసం. అందుకే నాలుగూ తీయించి ఎల్ఈడీవి వేయించాడు. స్విచ్ నొక్కగానే అవి పూనకం వచ్చినట్టు టకటకా కొట్టుకున్నాయి. అవి అమ్మిన కొట్టువాడు, దీపాలను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషరు పీకి, ఎల్ఈడీలకు సరిపడేది పెట్టాడు. వేగం తగ్గింది. బండికి కుడిపక్కన నిలబడి కుడివి చూశాడు, ఎడమపక్కకు వెళ్లి ఎడమవి చూశాడు, బాగానే ఉందన్నాడు. ఏ వైపు నొక్కినా నాలుగూ వెలుగుతున్నాయని ఎవరూ గమనించలేదు. సింహాచలానికి నేను మసకగానైనా కనబడుతూనే ఉన్నాను.

నాలుగూ వెలిగితే చట్టప్రకారం ఏమిటో నాకు తెలియదు. మన కూడళ్లలో మాత్రం తిన్నగా వెళ్లేవాళ్లు నాలుగూ వేస్తారు. అది ఎవరు నేర్పారో, అందరూ నేర్చుకున్నారు.

మర్నాడు మలుపు దగ్గర సింహాచలం కుడివైపు నొక్కి తిరగబోయాడు. వెనక టిప్పరు కుడివైపు నుంచే దాటబోయింది. గౌరమ్మ భుజం మీద గట్టిగా చరిచింది. బ్రేకు పడింది. టిప్పరు బుట్టను రాసుకుంటూ పోయి ఆగింది. కనకాంబరాలు రోడ్డంతా చెదిరాయి.

డ్రైవరు దిగి వచ్చాడు. "నాలుగూ ఎలిగితే తిన్నగా ఎల్తన్నావనే కదా తాతా అనుకుంటాం."

గౌరమ్మ పూలు ఏరలేదు. "రేపట్నించి నాను ఆటోలో ఎల్తాను మావా. ఈ బండి ఎక్కను," అంది. ఆ మాట వినిపించకపోయినా, ఆవిడ ముఖం చూసి ఆయనకు అర్థమైంది. భుజం తట్టే మనిషి లేకుండా ఆ రోడ్డు మీద ఆయన ఎన్నాళ్లు తిరగగలడో నాకూ అర్థమైంది.

మెకానిక్ ఆదిబాబు అలవాటు ప్రకారం ఎర్త్ పోయిందన్నాడు. స్విచ్ మార్చాడు. వైరింగు టేపంతా విప్పాడు. తిట్టదగినవాళ్లందరినీ తిట్టాడు. చివరికి మీటరు పైకెత్తుతుంటే నేను జారి కింద పడ్డాను. స్విచ్ నొక్కితే కుడివి మాత్రమే వెలిగాయి.

"దొరికింది దొంగ," అన్నాడు నన్ను ఎత్తి చూపిస్తూ. "ఇటేపు కరెంటు దీన్లోంచే అటేపుకి పోతంది."

నిజమే. నాలోంచి జారే కాస్త కరెంటు పాత బల్బులకు ఏ మూలకూ సరిపోయేది కాదు. ఈ ఎల్ఈడీలు అల్పసంతోషులు. నేను ఎప్పటిలాగే నిలబడ్డాను, చుట్టూ లోకం మారింది. అయినా దొంగనని పిలిస్తే బాధ వేసింది.

"దీన్ని పారేసి బజరు పెడతాను. గట్టిగా మొత్తుకుంటాది," అన్నాడు ఆదిబాబు.

సింహాచలాన్ని ఆటోలో తీసుకుపోదామని వచ్చిన గౌరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "సెవులే ఉంటే ఆయనెనక నానెందుకు బాబూ. ఆ దీపం ఉండాల. అది లేకపోతే నాను ఎక్కను."

ఆదిబాబు బజరు పక్కన పెట్టాడు. తర్వాత రెండు తీగలకూ చెరొక డయోడు కట్టాడు. కరెంటును ఒకవైపే పోనిచ్చే మిరియపు గింజంత ముక్కలవి. రెంటినీ కలిపి నా ఒక కాలికి ఇచ్చి, రెండో కాలిని ఎర్త్‌కు కలిపాడు. ఇంతకాలానికి నేను మధ్యలోంచి బయటపడ్డాను.

కానీ అలసిపోయాను. నాలో తీగ సన్నబడిపోయింది. మాడిపోతే ఇక విశ్రాంతే కదా అని రోజూ అనుకుంటాను. తెల్లవారుజామున మలుపు వస్తుంది. సింహాచలం కుడివైపు నొక్కుతాడు. కొత్త దీపాల మీద నమ్మకం లేక గౌరమ్మ వెనక నుంచి చెయ్యి కూడా చాపుతుంది. మలుపు దాటాక ఆయన చూపు నా మీదికి దిగుతుంది. ఆయన భుజం మీదుగా ఆవిడ చూపు కూడా. ఆయన స్విచ్ తీస్తాడు.

నేను ఆరాకే ఆవిడ చెయ్యి దించుతుంది.