రెండోసారి తొక్కిన బ్రేకు

గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో ఏడో మలుపు మీదికి వెళ్తుండగా, బ్రేకు పెడల్ చెల్లెలి పాదం కింద మెత్తగా లోపలికి దిగిపోయింది. తొక్కితే రాయిలా ఎదురు నిలవాల్సిన పెడల్ అది. ఆమె కాలెత్తి మళ్ళీ తొక్కింది. ఈసారి పట్టింది. ముందు టైర్లు కీచుమన్నాయి. సీటుబెల్టు భుజాన్ని కోసినట్టు లాగింది. కారు రోడ్డు చివరి అంచుదాకా జారి, ఎలాగో మలుపు తిరిగింది.

ఇంకో రౌండు వేసే ధైర్యం చెయ్యలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నెమ్మదిగా ట్రాకు పక్కనున్న షెడ్లవైపు తిప్పుకుంది.

ఆ రోజు ట్రాక్ డే. సొంత కార్లున్నవాళ్ళు రేసు ట్రాకును ఒక రోజుకు తీసుకుని, ఇరవై నిమిషాల వంతులు వేసుకుని, బండ్లను తనివితీరా పరిగెత్తించుకునే రోజు. పోటీ ఉండదు, బహుమతులు ఉండవు. అక్కచెల్లెళ్ళిద్దరూ మాత్రం సరదాకి రాలేదు. అక్కకు స్పోర్ట్స్ కార్లకు విడిభాగాలు తయారుచేసే చిన్న వర్క్‌షాప్ ఉంది. కంపెనీ ఇచ్చిన బ్రేకులు తీసేసి వాటి స్థానంలో బిగించుకునేలా, ఈ మోడల్ కారుకి పెద్ద బ్రేకుల కిట్ ఒకటి రెండేళ్ళుగా తయారుచేస్తోంది. పెద్ద డిస్కులు, వాటిని రెండు వైపులా పట్టి నొక్కే కొత్త కాలిపర్లు. డిజైను గీసింది ఆమే, లోహం కోయించింది ఆమే. ముప్పై కిట్లు పెట్టెల్లో సర్ది, టేపు వేసి, సోమవారం పంపడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇవాళ శుక్రవారం. ఇది ఆఖరి పరీక్ష.

ఆ కిట్ బిగించిన కారు నడిపేది చెల్లెలు. పదేళ్ళుగా ఆమె పని అదే. భాగం ఏదైనా బిగించి ఇస్తే, ట్రాకు మీద తిప్పి, అది ఎలా ఉందో చెప్పడం. చక్రంలో గుండుసూదంత తేడా వచ్చినా ఆమె నడుముకి తెలిసిపోతుందని అక్క అందరికీ గొప్పగా చెప్పేది. చెప్పేది అంటే, పోయినేడాది దాకా. పోయినేడాది వానలో ఇదే ట్రాకు మీద చెల్లెలు గోడని కొట్టింది. భుజం ఎముక విరిగి మూడు నెలలు మంచం దిగలేదు. అప్పటినుంచి ఆమె కారెక్కిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ ఆమె మొహం వైపు చూడడం మొదలుపెట్టారు.

హెల్మెట్ తీసి, "పెడల్ లోపలికి పోయిందక్కా" అంది చెల్లెలు. "ఏడో మలుపు దగ్గర. రెండోసారి తొక్కితే గానీ పట్టలేదు."

అక్క కారులో బ్రేకు ఒత్తిడీ, కుదుపులూ నమోదు చేసే రికార్డరు వైరు లాప్‌టాప్‌కి తగిలించింది. ఈలోగా బాబాయ్ జాకీ తోసుకుంటూ వచ్చాడు. నాన్న స్నేహితుడు, వర్క్‌షాప్ మెకానిక్కు. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అందరికీ పానా బాబాయే. చక్రం పైకి లేపి, ఊడదీసి, ఆయిలు గొట్టాలు తడిమి, డిస్కును నొక్కే ప్యాడ్లు చూసి, పెడల్‌ని చేత్తో నొక్కాడు.

"గట్టిగానే ఉందే. ఎక్కడా కారడం కూడా లేదు."

"ఇప్పుడు ఉంటుంది బాబాయ్. అప్పుడు లేదు."

అక్క స్క్రీను ఆమెవైపు తిప్పింది. బ్రేకు ఒత్తిడి చూపించే ఎర్ర గీత. మిగతా మలుపుల దగ్గర ఒక్కో గుట్టలా లేచి దిగింది. ఏడో మలుపు దగ్గర మాత్రం చిన్నగా లేచి, పడి, మళ్ళీ లేచింది. జంట మూపురాల ఒంటె వీపులాగా.

"నువ్వే చూడు. తొక్కావు. వదిలావు. మళ్ళీ తొక్కావు."

"పట్టలేదు కాబట్టి వదిలాను."

"పట్టలేదో, పట్టేలోపే జడిశావో..." అక్క మాట మధ్యలో ఆపేసింది గానీ, ఆలస్యమైంది.

చెల్లెలి మొహం ఎర్రబడింది. "అంటే నేను భయపడ్డానంటావ్."

"నేనట్లా అన్లేదు చిట్టీ. పోయినేడు దెబ్బ తగిలింది కూడా ఇట్లాంటి మలుపులోనే కదా. కాలు దానంతటదే లేస్తుంది. తప్పేముంది అందులో?"

"నా కాలు సంగతి నాకు తెలుసు."

"నాకు తెలిసింది ఈ గీత. ఇందులో తప్పు కనపడాలి కదే."

బాబాయ్ ఇద్దరి మధ్యా పానా తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఎవరి వైపు మాట్లాడినా చిక్కే అని ఆయనకి పాతికేళ్ళ అనుభవం.

చివరికి అక్కే ఒక దారి చూపింది. ట్రాకులో కొత్తవాళ్ళకు నడపడం నేర్పే కోచ్ ఒకాయన ఉన్నాడు. నెమ్మదస్తుడు, నమ్మదగ్గవాడు. ఆయన్ని పిలిచి అయిదు రౌండ్లు వేయమంది. తన సీటులో ఇంకొకరు కూర్చోవడం చూస్తూ, చెల్లెలు కంచె పట్టుకుని నిలబడింది. కారు ఏడో మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె కుడిపాదం బూటు లోపల తనకు తెలియకుండానే బిగుసుకుంది. అయిదు సార్లూ కారు బుద్ధిగా వంగి తిరిగిపోయింది.

కోచ్ దిగి, గ్లవ్స్ విప్పుకుంటూ నవ్వాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయండీ బ్రేకులు. నా కారుకీ ఒక సెట్ కావాలి."

అక్క ఆయనకి థాంక్స్ చెప్పింది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు. చూసి ఏదో అంటే బావుండేది.

చెల్లెలు లాప్‌టాప్ తీసుకుని, సామాన్ల వ్యాను వెనక తలుపు తెరిచి, టైర్ల మధ్య కూర్చుంది. మొదటిసారి ఆమెకు తన మీద అనుమానం వచ్చింది. నిజంగానే భయపడిందేమో? పోయినేడు గోడ దగ్గరకొచ్చిన క్షణం ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా. పొద్దున మొదటి రెండు రౌండ్లు గుండె దడదడలాడుతూనే నడిపింది. అలాంటప్పుడు ఏడో మలుపు దగ్గర కాలు లేచింది భయంతో కాదని ఒట్టు పెట్టి చెప్పగలదా?

చెప్పలేననిపించింది. అందుకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఉదయం నుంచి ఆమె వేసినవి పధ్నాలుగు రౌండ్లు. ఒక్కొక్కటీ తెరిచి చూసింది. రెండు మూపురాలు కనిపించినవి ఆరు. చివరిది తప్ప మిగతావి చిన్నవి, అప్పుడు రోడ్డు కుదుపేమో అనుకుని వదిలేసింది. మొదటి రెండింట్లో, భయంతో నడిపిన ఆ రెండింట్లో, ఒక్కటే మూపురం. అది ఆమెకు వింతగా తోచింది. భయమే కారణమైతే మొదట్లోనే ఎక్కువ ఉండాలి కదా. ఆ తర్వాత నాలుగోదీ, తొమ్మిదోదీ కలిపి మరో ఆరు రౌండ్లలోనూ రెండో మూపురం లేదు. తొమ్మిదోది బాగా గుర్తుంది. ఆరో మలుపులో ఒక పసుపుపచ్చ కారు అడ్డొస్తే వెడల్పుగా తిరగాల్సి వచ్చింది.

ఆరో మలుపు. ఆమె నిటారుగా కూర్చుంది.

ఆరో మలుపు లోపలి అంచున ఎరుపూ తెలుపూ చారలతో ఎత్తుగా కట్టిన గట్టు ఉంటుంది. కెర్బ్ అంటారు. తొందరలో ఉన్నవాళ్ళు దాని మీద చక్రం ఎక్కించి మలుపును కోసేస్తారు. ఎక్కినప్పుడు కారు గుర్రంలా ఒక్క ఎగురు ఎగురుతుంది. చెల్లెలు రికార్డరులోని కుదుపుల గీత పక్కన పెట్టి చూసింది. గట్టు ఎక్కిన ప్రతి రౌండులోనూ, ఆ తర్వాత ఏడో మలుపు దగ్గర పెడల్ దిగింది. ఎక్కని రౌండుల్లో దిగలేదు. జాగ్రత్తపరుడైన కోచ్ అయిదు రౌండ్లలో ఒక్కసారి కూడా గట్టు ముట్టుకోలేదు.

ఆమె లాప్‌టాప్ మూసి, షెడ్డులోకి నడిచి, స్పేర్ హెల్మెట్ తీసి అక్క చేతిలో పెట్టింది.

"ఎక్కు."

"నేనా? చంపుతావా ఏంటి? నాకు బస్సెక్కితేనే తిప్పుతుంది."

"గీతలో కనపడలేదన్నావుగా. కళ్ళతో చూద్దువుగాని. రోడ్డు చూడకు, నా కాలే చూడు."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళమ్మా పెద్దమ్మాయ్. లేకపోతే సోమవారం దాకా మీ ఇద్దరి మధ్యా నా తల పగులుతుంది."

మధ్యాహ్నం మూడో వంతులో ఇద్దరూ బయల్దేరారు. మొదటి రౌండులో చెల్లెలు గట్టుకి దూరంగా తిరిగింది. ఏడో మలుపు దగ్గర పెడల్ రాయిలా నిలిచింది. "చూశావా?" అంది. అక్క తల ఊపింది, ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని.

రెండో రౌండులో గట్టు ఎక్కించింది. కారు ఎగిరిపడింది. ఏడో మలుపు. పెడల్ సగం దాకా దిగిపోయింది. చెల్లెలు సిద్ధంగానే ఉంది, వెంటనే రెండోసారి తొక్కింది, పట్టింది.

"దిగింది!" అక్క అరిచింది. "చూశానే, దిగింది! చాలు, ఇక పోదాం పద."

"ఇంకొక్కసారి. కాకతాళీయం అంటావు మళ్ళీ."

"అనను!"

కానీ అప్పటికే ఆరో మలుపు వచ్చేసింది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేదని చెల్లెలు తర్వాత చాలాసార్లు అనుకుంది. పొద్దున పడ్డ మాట మనసులో మండుతూ ఉంటే, గట్టు మీదికి ముందుకంటే గట్టిగా ఎక్కించింది. ముందు చక్రం దగ్గర టక్కుమని ఒక శబ్దం. తర్వాత వంపులేని దారి, స్ట్రెయిట్. రెండు వందలు. కాలు వేసింది.

పెడల్ నేల దాకా వెళ్ళిపోయింది.

రెండోసారి. నేల దాకా. మూడోసారి కొంచెం తగిలింది, చాల్లేదు. గేరు దించింది. ఇంజను ఊళ పెట్టింది. హ్యాండ్ బ్రేకు లాగింది. వెనక చక్రాలు పక్కకి కొట్టుకున్నాయి. ఎదురుగా మలుపు, మలుపు అవతల అదుపు తప్పిన కార్లను ఆపడానికి పోసిన గులకరాళ్ళ మడుగు, దాని అవతల పేర్చిన టైర్ల గోడ. మలుపు తిప్పితే కారు పల్టీ కొడుతుంది. చెల్లెలు స్టీరింగు తిప్పలేదు. తిన్నగా పట్టుకుని, "తల వెనక్కి ఆనించు!" అని మాత్రం అరిచింది.

కారు గులకరాళ్ళలోకి దూసుకుపోయింది. అద్దం మీద రాళ్ళు వడగళ్ళలా మోగాయి. దుమ్ము కమ్మేసింది. ఏదో పెద్ద చెయ్యి వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు కారు బరువెక్కుతూ, బరువెక్కుతూ, ఆగింది. దుమ్ము దిగాక చూస్తే టైర్ల గోడ ముందు బంపర్‌కి బారెడు దూరంలో ఉంది.

ఇంజను ఆగిపోయింది.

"బానే ఉన్నావా?" అంది చెల్లెలు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

అక్క తలుపు తెరిచి, రెండడుగులు వేసి, హెల్మెట్ పీకేసి, గులకరాళ్ళ మీద మోకాళ్ళ మీద కూర్చుని వాంతి చేసుకుంది. చెల్లెలు వెళ్ళి వీపు నిమిరింది.

"సారీనే," అంది అక్క మూతి తుడుచుకుంటూ.

"నాదీ తప్పే. మూడో రౌండుకి వెళ్ళకుండా ఉండాల్సింది. నిన్ను పక్కన పెట్టుకుని." ఆగి, చెప్పాల్సింది చెప్పేసింది. "భయం కూడా ఉందక్కా. ఇవాళ పొద్దున కూడా ఉంది. కానీ అది వేరు, ఇది వేరు."

"తెలిసింది," అంది అక్క.

కారును లాక్కొచ్చాక బాబాయ్ చల్లారనివ్వలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని, వేడిగా ఉన్న చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. టక్. మళ్ళీ ఊపాడు. టక్.

"చక్రాన్ని ఊగకుండా పట్టుకునే బేరింగు పోయింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఊపి చూశాను, కదల్లేదు. వేడెక్కితే వదులవుతోంది." ఆయన అక్కవైపు తిరిగాడు. "గట్టు ఎక్కినప్పుడు చక్రం ఊగితే డిస్కు ఊగుతుంది. ఊగి ప్యాడ్లని వెనక్కి తోసేస్తుంది. అప్పుడు పెడల్ తొక్కితే ముందు ఆ ఖాళీ నిండాలి కదా."

"మరి పాత బ్రేకులతో ఇలా ఎందుకు జరగలేదు?" అంది చెల్లెలు.

అక్క నెమ్మదిగా అంది: "పాత కాలిపర్ డిస్కుతో పాటు అటూ ఇటూ జరుగుతుంది, సర్దుకుపోతుంది. నాది బిగించినచోటే ఉంటుంది."

బాబాయ్ గుడ్డ విప్పాడు. "అయితే తప్పు మనది కాదు, బేరింగుది. బేరింగు కంపెనీది. కొత్తది వేస్తే సోమవారం పెట్టెలు పంపేయొచ్చు."

ఆ మాటలో అబద్ధం లేదు. అక్క నీళ్ళు తాగి, గుడ్డ అందుకుని, చక్రాన్ని తనూ ఒకసారి ఊపి చూసింది.

"మన కిట్ కొనేవాళ్ళు ఎవరు బాబాయ్? ట్రాకుల మీద తిప్పేవాళ్ళు. గట్లెక్కించేవాళ్ళు. ముప్పై మందిలో ఎవరి బేరింగు ఎట్లా ఉందో మనకేం తెలుసు? వాళ్ళకి గులకరాళ్ళు అడ్డం ఉంటాయో, గోడ అడ్డం ఉంటుందో."

సోమవారం పెట్టెలు పంపడం లేదని తేల్చేసింది.

శనివారం పొద్దున వర్క్‌షాప్‌లో అక్కచెల్లెళ్ళు కొనేవాళ్ళ జాబితా చెరిసగం పంచుకుని, కిట్లు ఆలస్యమవుతాయని ఫోన్లు చేశారు. కొందరు సరేనన్నారు. ఇద్దరు అసలు వద్దన్నారు. ఒకాయన ఆడవాళ్ళు బ్రేకులు చేస్తే ఇట్లాగే ఉంటుందని అక్క మీద విరుచుకుపడ్డాడు. అక్క ఓపిగ్గా విని, "మీ బండి బేరింగులు మార్పించుకోండి, మా కిట్ కొన్నా కొనకపోయినా," అని ఫోను పెట్టేసి, అప్పుడు బాబాయ్ చెవులు మూసుకునేలా తిట్టింది.

మరో ఏడు వారాలు పట్టింది. ప్యాడ్లు వెనక్కి పోకుండా వాటిని తోసే పిస్టన్ల వెనక చిన్న స్ప్రింగులు పెట్టారు. ప్రతి పెట్టెలోనూ కిట్‌తో పాటు రెండు కొత్త బేరింగులు, అవి వేయకుండా బ్రేకులు బిగించవద్దన్న కాగితం కూడా చేరాయి. పెడల్ ఎంత దూరం కదిలిందో చెప్పే ఇంకో సెన్సరు అక్క కారులో బిగించింది. బాబాయ్ పాత బేరింగే కావాలని మళ్ళీ వేసి ఇచ్చాడు. చెల్లెలు ఖాళీ ట్రాకు మీద, తక్కువ వేగం నుంచి మొదలుపెట్టి, ఇరవై రౌండ్లు గట్టు ఎక్కించి తిప్పింది. పెడల్ గోరంత కూడా అదనంగా దిగలేదు.

దిగి వచ్చి, "రా, నువ్వూ చూద్దువుగాని," అని హెల్మెట్ చాపింది.

అక్క రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, నేనెక్కను. నువ్వు చెప్పు, రాసుకుంటాను."

చెల్లెలు చెప్పింది. ఇరవై రౌండ్లూ, ఒక్కో మలుపూ, ఎక్కడ బావుంది, ఎక్కడ ఇంకా కొంచెం గరుకుగా ఉంది, పన్నెండో రౌండులో ఎందుకు భయమేసింది, అన్నీ. అక్క లాప్‌టాప్ తెరవకుండానే రాసుకుంది.