వంటింటి గోడ మీది కొక్కెం

కావ్యా, ఆ సున్నం బకెట్టు అక్కడ పెట్టి నా పక్కకు జరిగి కూర్చో. ఇల్లంతా తెల్లగా చేసి, వంటింట్లో ఈ ఒక్క గోడను ఎందుకు వదిలేస్తావు జేజీ అని అడిగావు కదా, విను.

శనగ చెట్లు పీకేటప్పుడు ఆకు మీద ఊరే పుల్లటి నీటికి నా అరచేతులు పగిలిపోయేవి. అన్నంలో కారం కలుపుకుంటే మంటకు కళ్లలో నీళ్లు తిరిగేవి. మీ జేజినాయన లక్ష్మీనారాయణ అది చూసి, అందరూ పీకుతాండారు, నీ చేతులేమన్నా పూలా అనేవాడు. ఒకరోజు పొయ్యిలోంచి బొగ్గు తీసి ఈ గోడ మీద ఒక కొక్కెం గీశాను. ఆకు చేతికి తగలకుండా మొదలు పట్టి లాగేది. కమ్మరి దాదాపీర్‌ను ఇంటికి పిలిచి, బొమ్మ చూపించి చేయించుకున్నాను. ఏటా ఉగాదికి సున్నం కొట్టేది నేనే కదా, బొమ్మ చుట్టూ కొట్టి దాన్ని మాత్రం వదిలేసేదాన్ని. పోను పోను ఊళ్లో అందరూ అట్లాంటివే చేయించుకున్నారు, దానికి లక్ష్మీనారాయణ కొక్కెం అని పేరు పడింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఇంతలో నంద్యాల కంపెనీ ఒకటి అది తమదేనని పేటెంటు చేయించుకుంది. తమదాన్ని చూసే మేం చేశామని నోటీసు పంపింది. ఆయనకు రోషం వచ్చి నన్ను వెంటబెట్టుకుని నంద్యాలలో లాయరు ప్రియదర్శిని దగ్గరికి పోయాడు. గోడ మీద బొమ్మ ఉందనగానే లాయరమ్మ ముఖం వెలిగింది. బొమ్మ అంచున ఏటేటా పేరుకున్న సున్నం పొరలే అది పేటెంటు కన్నా పాతదని చెబుతాయంది. గీసినవాళ్లు ప్రమాణం చేసి సంతకం పెట్టాలంది.

"నేనే గీసినా," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

ఆమె మేం తీసుకుపోయిన నా పాత కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎడమచేతి వాటంగా ఉంది. మీది ఎడమచెయ్యా?" అని ఆయన్ని అడిగింది.

నేను ఎడమచెయ్యి చాచి దాన్ని అందుకున్నాను.

"అయితే సంతకం పెట్టాల్సింది మీరమ్మా. రేపు వచ్చి గోడ ఫొటోలు తీసుకుంటాను," అంది.

బస్సు శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ చేరేదాకా ఆయన నాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. మరునాడు నేను చేను నుంచి వచ్చేసరికి ఈ గోడ తడితడిగా, తెల్లగా ఉంది. వేలితో గీకితే బొగ్గు సున్నంలో కలిసి బూడిదలా వచ్చింది.

"కేసు పోతాది కదయ్యా," అన్నాను.

"పోనీ. పెండ్లాం గీసింది చూపించి గెలిచినాడని ఊర్లో నవ్వించుకోమంటావా?"

లాయరమ్మ గోడను చూసి, నన్ను చూసి, వెళ్లిపోయింది. కొక్కెం కంపెనీదే అయింది.

నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన చేసిన ఇంటిపని అదొక్కటే. కుంచె పట్టడం కూడా రాదు, చూడు ఎట్లా చారలు పడ్డాయో. అందుకే దీని మీద నేను సున్నం వేయను, నిన్నూ వేయనివ్వను. బొమ్మ లేకపోయినా చెరిపిన చెయ్యి ఎవరిదో కనిపిస్తూనే ఉంది. నేను పోయాక ఎవరైనా ఈ గోడ ఏందని అడిగితే, గీసింది మా జేజి అని ముందు చెప్పు. తక్కినది ఆ తర్వాత చెప్పు.