బొమ్మకు గుచ్చిన పిన్నీసు

నాకు కోపం ఎక్కువని జగిత్యాలలో అంటారు, కోరుట్లలో అంటారు, నేనుండే సిరిసిల్లలో ఇంకా ఎక్కువ అంటారు. అననీ! సకల జనుల సమ్మె నాడు నా చోట మీరుంటే ఎంత శాంతంగా ఉండేవాళ్ళో నేనూ చూద్దును.

మేం ఆడేది పెద్దవాళ్ళ దాగుడుమూతలు. పేరు జియోకాషింగ్. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైటులో పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ ఉన్న ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే లోపలి చీటీ మీద సంతకం చేస్తారు. డబ్బాలోని చిల్లరమల్లర వస్తువుల్లో నచ్చింది తీసుకోవచ్చు, కానీ బదులుగా ఇంకొకటి పెట్టాలి. ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా ఎక్కడిదక్కడ దాచేసి పోవాలి. డబ్బాలో ఉండేవి గోళీలు, కీచైన్లు, తలపిన్నులు. వాటికోసం కాదు, వెతకడంలో ఉన్న మజా కోసం వస్తారు.

మాకు ఈ పిచ్చి అంటించింది ప్రేమ్‌సాగర్ సారు. కోరుట్లలో సర్కారు బడి పంతులు. ఆయన నుంచి జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే వేణుకు అంటింది, సిరిసిల్లలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే నాకు అంటింది. జగిత్యాల ఖిల్లా దగ్గర వేణు దాచిన డబ్బా కోసం నేను పూటంతా ఎండలో తిరిగి, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి చేతికి తగలగానే చిన్నపిల్లలా గంతులేశాను. మానేరు ఒడ్డున నేను దాచింది దొరక్క వాళ్ళిద్దరూ ఇసుకలో చతికిలబడి, నాకే ఫోన్ చేసి బతిమాలారు. నేను చెబుతానా? నవ్వి ఫోన్ పెట్టేశాను.

అన్నిటికంటే మంచి డబ్బా మా ఊళ్ళోది. మల్లాపూర్ నుంచి ముత్యంపేట పోయే దారిలో మా ఊరి గుట్ట కింద, రాళ్ళ సందున పెట్టాను. దానికి కాపలా మా అవ్వ లింగవ్వ. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. తన పేరు మీద గుంట భూమి లేదు, బతుకంతా ఒకరి చేలల్లో కలుపు తీసింది. ఆ స్టీలు టిఫిను డబ్బా మాత్రం తనది. వాన పడితే ఉరికిపోయి, తడిసిందేమోనని చూసి, కవరు మార్చి వచ్చేది. ఎవరైనా ఫోను పట్టుకుని గుట్ట దగ్గర తచ్చాడితే గడ్డి కోస్తున్నట్టు కూర్చుని, "ఆడ లేదు కొడుకా, గా తుమ్మచెట్టు కాడ సూడు" అని కావాలని తప్పుదారి పట్టించి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఒకసారి వేణు గోళీ తీసుకుని బదులుగా ఏమీ పెట్టకుండా పోతుంటే వెంటపడి ఆపింది. "ఒకటి తీసుకుంటె ఒకటి పెట్టాలె! గంత సదువుకున్నవు, ఆట తెల్వదా?" అని వాడి చొక్కాజేబులోని పెన్ను లాగి డబ్బాలో వేసిందాకా వదల్లేదు.

ఆ డబ్బాలో ఒక గుడ్డబొమ్మ ఉండేది. ప్రేమ్‌సాగర్ సారుది. దాని మీద నంబరు చెక్కిన చిన్న ఇనుప బిళ్ళ. ఆ బొమ్మ డబ్బా నుంచి డబ్బాకు, ఊరి నుంచి ఊరికి తిరగాలని, ఎక్కడ తిరుగుతోందో నంబరును బట్టి వెబ్‌సైటులో కనబడాలని సారు కోరిక. బిళ్ళ దారం తెగితే సారే పిన్నీసు తెచ్చి, బొమ్మ కడుపులోంచి గుచ్చి, బిళ్ళను దానికి తగిలించాడు.

సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. ఊరూరా వంటావార్పు. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అందరూ అక్కడే వండుకుని అక్కడే తినడం. సిరిసిల్లలో పెట్టిన నాడు నేనూ పోయి కూరగాయలు తరిగాను, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. మా ఊళ్ళో వంటావార్పు పెట్టిన రోజు పొయ్యికి రాళ్ళు కావలసి వచ్చాయి. రాళ్ళ కోసం గుట్ట కిందికి పోయారు.

ఆ రోజు పొద్దున్నే నేను ల్యాబులో ఉండగా మా పక్కింటి దుర్గవ్వ ఫోన్ చేసింది.

"స్రవంతీ, మీ అవ్వను పట్టుకున్నరే! రాళ్ళ కింద డబ్బా దొరికింది. బొమ్మ కడుపుల పిన్నీసు గుచ్చి, బుచ్చయ్య పటేలు కోడలికి మంత్రాలు చేసిందంటున్నరు. అన్నాలు తినంగనే పండ్లు పీకుతరట. ఉరికి రా బిడ్డా!"

మా ఊరి పెద్ద బుచ్చయ్య. ఆయన కోడలికి కొన్నాళ్ళుగా కడుపునొప్పి. మా అవ్వ అస్తమానం గుట్ట కింద తిరగడం ఊరంతా చూసింది. ఎవరెవరో పట్నం మనుషులు వచ్చి దొంగచూపులు చూస్తూ అక్కడ ఏదో పెట్టి పోవడమూ చూసింది. ఇంకేం కావాలి? పళ్ళు లేకపోతే మంత్రం పలకదని మా వైపు మూర్ఖుల నమ్మకం. పటకారుతో పీకుతారు. తర్వాత మనిషి బతికితే బతికినట్టు, లేకపోతే లేదు.

పోలీసుఠాణాకు ఫోన్ చేశాను. "ఫోర్సంతా రాస్తారోకోల కాడ ఉన్నది. రేపు వచ్చి దరఖాస్తు ఇయ్యిండ్రి" అన్నాడు ఎత్తినవాడు. రేపు! వేణుకు చేశాను. వాడు మారుమాట అనలేదు, "పోతున్న అక్కా" అని దుకాణం షట్టరు దించేశాడు. ప్రేమ్‌సాగర్ సారుకు చేశాను. అందరిలోకీ మా ఊరికి దగ్గర ఉన్నది ఆయనే. పిన్నీసు గుచ్చింది ఆయనే. సారు మాట అంటే మా ఊరి పటేళ్ళు ఇంత ఎత్తున లేచి నిలబడతారు.

"నేను దీక్షా శిబిరంల ఉన్న స్రవంతీ. జేఏసీల పెద్దమనిషిని. మంత్రాల పంచాయితీల నా పేరు వస్తె ఎంత బద్నాం! నువ్వు ముందుగాల వెబ్‌సైటుల ఆ పేజీ తీసెయ్యి."

ఏమన్నాడో విన్నారా? మా అవ్వ పళ్ళ సంగతి కాదు, పేజీ సంగతి!

ల్యాబుకు తాళం వేసి స్కూటీ తీశాను. వేములవాడ దగ్గర ఒక అడ్డం, కథలాపూర్ దగ్గర ఇంకో అడ్డం. "జై తెలంగాణ అని, బుక్కెడంత తిని పో చెల్లె" అన్నారు ప్రేమగా. జై తెలంగాణ అన్నాను. తినే తీరిక నాకెక్కడిది! నా మొహం చూసి వాళ్ళే ముళ్ళకంప జరిపారు.

కోరుట్లలో టెంటు కింద సారు మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మనం అడుగుతున్నది భిక్ష కాదు, మన ఆత్మగౌరవం!" అంటున్నాడు. జనం చప్పట్లు. అక్కడ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులతోనే స్టేజీ ఎక్కి మైకు గుంజుకున్నాను.

"ఈ సారు తన చేత్తోని ఒక బొమ్మకు పిన్నీసు గుచ్చిండు. మేం ఆడుకునే ఆటల బొమ్మ అది. ఆ పిన్నీసుకు మా ఊర్ల మా అవ్వ పండ్లు పీకుతున్నరు. వచ్చి ఒక్క మాట చెప్పు సారూ అంటె, పేరు ఖరాబైతదంటున్నడు. సారు వస్తడా, రాడా? గదొక్కటి చెప్పుమనుండ్రి!"

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "పో సారూ, పో! ఇంకా ఏం సూస్తున్నవ్?" అంది. సారు కండువా సర్దుకుని దిగి వచ్చి నా స్కూటీ వెనక కూర్చున్నాడు. దారంతా నేను తిడుతూనే నడిపాను.

మా ఊరి రోడ్డు మీద గంగాళాల్లో అన్నం పొగలు కక్కుతోంది. పక్కనే జెండా గద్దె. దాని కింద ఎండలో మా అవ్వ కూర్చుని ఉంది. ఈడ్చుకొచ్చినప్పుడు రైక చెయ్యి భుజం దాకా చిరిగింది. ఆ చిరుగును అరచేత్తో మూసుకుని ఉంది. పక్కనే నేల మీద వేణు, పెదవి వాచి, రక్తం కారి ఎండిపోయి. వాడు పొద్దుటి నుంచి ఆట అని చెబుతూనే ఉన్నాడట. సెల్లులు అమ్ముకునేవాడి మాట ఎవరు వింటారు? రెండు తగిలించి కూర్చోబెట్టారు. అయినా వాడు లేచి పోలేదు. గద్దె మీద మా టిఫిను డబ్బా తెరిచి ఉంది. దాని పక్కన పటకారు.

బుచ్చయ్య నన్ను చూడలేదు. సారును చూశాడు. "అయ్యో, సారూ మీరా! ఒరేయ్, కుర్సీ తేండ్రిరా!"

సారు కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "పటేలా, గిది మంత్రం కాదు. ఒక ఆట. దేశదేశాల ఆడుతరు. బిళ్ళ ఊడిపోతదని పిన్నీసు నేనే పెట్టిన."

"గంతేనా?" బుచ్చయ్య గట్టిగా నవ్వాడు. "గా మాట జర ముందుగాల చెప్పరాదు సారూ! ఉత్తగనే పరేషాన్ అయినం." చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నవ్వారండీ! పటకారు ఇంకా అక్కడే ఉంది, అందరూ నవ్వారు.

"మా అవ్వ పొద్దుగాల సంది గదే మాట చెప్పలేదా?" అని అరిచాను.

"చెప్పింది. ఎవలు నమ్మాలె?" అన్నాడు బుచ్చయ్య, అదేమంత ప్రశ్నా అన్నట్టు. "అయిపోయింది తియ్యి. సారుకు ఇస్తరాకు ఎయ్యుండ్రి. లింగవ్వకు గూడ ఇంత పెట్టుండ్రి పాపం."

పాపమట! నా చెయ్యి పటకారు మీదికి పోయింది. అంతకుముందే మా అవ్వ లేచింది. గద్దె దగ్గరికి నడిచి, డబ్బాలోంచి బొమ్మను తీసి, కడుపులోని పిన్నీసును మెల్లగా ఊడదీసింది. బిళ్ళ ఠంగుమని కింద పడింది.

వండుతున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీ గాజులకు పిన్నీసులు లెవ్వానే? పుస్తెలతాళ్ళకు లెవ్వా? అవి ఎవలను సంపటానికి పెట్టుకున్నరు?"

దుర్గవ్వ కళ్ళు తుడుచుకుంది. మిగతావాళ్ళు చేతులు కొంగుల్లో దాచుకున్నారు.

అవ్వ ఆ పిన్నీసుతో చిరిగిన రైక చెయ్యిని భుజం దగ్గర కూడదీసి పెట్టుకుంది. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నేను సాయం పోబోతే మోచేత్తో నెట్టేసింది. తర్వాత బొమ్మను తెచ్చి, ఇస్తరాకు ముందు కూర్చున్న సారు ఒళ్ళో పెట్టింది.

"నీ బొమ్మ సారూ. బిళ్ళ ఊడిపోతదని గంత బుగులు వడ్డవు. ఊడింది, ఏరుకో."

ఎవరో అవ్వకు విస్తరి తెచ్చారు. "మీ కూడు మీరే తినుండ్రి" అని పక్కకు జరిపింది. గద్దె మీది పటకారును తీసి, టిఫిను డబ్బాలో పెట్టి, మూత బిగించి, చంకన పెట్టుకుంది.

"గదెందుకే, నా పటకారు!" అన్నాడు బుచ్చయ్య.

"ఆట పటేలా" అంది మా అవ్వ. "పిన్నీసు తీసుకున్న. బదులుగ ఒకటి పెట్టాలె. ఇగ గుట్ట కింద దాస్త. కావాలంటె ఎతుక్కో."