అతుకు కనపడకూడదు

పడవను ట్రాలీ మీద షెడ్డులోకి లాక్కొచ్చిన రోజు మేస్త్రీ దాని దగ్గరికి వెళ్లలేదు. గేటు దగ్గరే నిలబడి డ్రైవరుకు కుడి, ఎడమ చెబుతూ ఉండిపోయాడు. ట్రాలీ ఆగాక చక్రాల కింద దిమ్మెలు పెట్టించి, టీ తాగి వస్తానని బయటికి నడిచాడు. గంటకు గానీ తిరిగి రాలేదు.

అది ముప్పై ఎనిమిది అడుగుల మోటారు యాట్, షికారు పడవ. వయసు ఇరవై తొమ్మిదేళ్లు. రెండు డీజిల్ ఇంజన్లు, ఒక పెట్రోల్ జనరేటర్, మధ్యలో కూర్చునే గది, ముందువైపు పడక గది. ఆ షెడ్డుకు రావడం దానికిది రెండోసారి. మొదటిసారి నాలుగేళ్ల కిందట, పళ్ల డాక్టరు దాన్ని కొన్న కొత్తలో వచ్చింది. మేస్త్రీ ఏడు నెలలు పనిచేసి దాన్ని మళ్లీ నీళ్లలో నిలబెట్టాడు. ఈసారి డాక్టరు లేడు. రెండేళ్ల కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం ఆ పడక గదిలోనే నిద్రపోయి మళ్లీ లేవలేదు. పడవ అప్పుడు రేవులో కట్టేసి ఉంది. వానకు కిటికీలు మూశారు. ఫ్యాన్ల కోసం జనరేటర్ నడుస్తోంది. దాని పొగగొట్టం పడక కింద చిట్లింది. అందులోంచి వచ్చిన విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు.

ఇప్పుడు పడవ డాక్టరు భార్యది. అమ్మిపెట్టే పని మేస్త్రీ బావమరిదిది. అతన్ని షెడ్డులో అందరూ తరుగు అంటారు. ఏ వస్తువు చూపించినా అందులో ఎంత తరుగు పోతుందో ముందు చెప్పి, ఆ తర్వాత నమస్కారం పెడతాడు.

"ఇంజన్లు తిరిగిన గంటలు తక్కువే బావా, అది మనకు కలిసొచ్చేది," అన్నాడు తరుగు, పలక మీద రాసుకుంటూ. "డెక్కు చెక్క పోయింది, మూడు లక్షలు తియ్యి. వైరింగు పాతది, రెండు. లోపల చావు, పది శాతం."

"చావుక్కూడా లెక్కుందిరా?"

"ఎందుకుండదు? కార్లో పోతే ఐదు, ఇంట్లో పోతే ఏడు, పడవలో పోతే పది. ఇల్లు అవసరానికి కొంటారు. పడవ సరదాకి కొంటారు. సరదాలోకి శవం వస్తే ఎవడికి బాగుంటుంది?"

"రేపు నువ్వు పోతే నీ కుర్చీకి ఎంత తీస్తారో?"

"నా కుర్చీ అమ్మకానికి రాదులే బావా. అక్క దాన్ని పొయ్యిలో పెట్టేస్తుంది."

మేస్త్రీ నవ్వాడు. నవ్వి, నిచ్చెన ఎక్కి, ఇంజను గదిలోకి దిగాడు. పడక గది తలుపు మాత్రం తియ్యలేదు.

పని నాలుగు నెలలు పట్టింది. అడుగున పట్టిన నత్తగుల్లలు గీకి, రంగు వేశారు. డెక్కు చెక్క పీకి కొత్త టేకు పరిచారు. ఇంజన్ల పంపులు విప్పి రబ్బర్లు మార్చారు. పాత జనరేటర్ తీసి పారేసి కొత్తది బిగించారు. దాని పొగగొట్టాన్ని మేస్త్రీ తన చేత్తో వేశాడు, ప్రతి బిగింపూ రెండుసార్లు తిప్పాడు. పడక గదిలో వాయువును కనిపెట్టి మోగే అలారం పెట్టించాడు.

డాక్టరు భార్య ప్రతి శనివారం వచ్చేది. పడవ ఎక్కేది కాదు. షెడ్డు వారగా ఒక చెక్క బల్ల ఉంటే దాని మీద కూర్చుని చూసేది.

"ఇంకెన్నాళ్లు అన్నయ్యా?"

"ఇంకో నెలమ్మా. వార్నిష్ ఆరాలి."

"ఇది అమ్ముడుపోతే తప్ప ఈ ఊళ్లో నాకు పని తీరదు. మా అక్క వచ్చెయ్యమంటోంది. క్లినిక్కు ఇచ్చేశాను, ఇల్లు ఇచ్చేశాను. ఇదొక్కటే మిగిలింది."

ఆమె అతన్ని మొదటి నుంచీ అన్నయ్యా అనే పిలిచేది. మొదటిసారి పడవ బాగు చేస్తున్నప్పుడు డబ్బాలో అన్నం పట్టుకొచ్చి ఇద్దరికీ వడ్డించేది, మేస్త్రీకీ డాక్టరుకీ. డాక్టరు సెలవురోజు వచ్చి ఎమరీ కాగితం పట్టుకుని చెక్క రుద్దేవాడు. పళ్లు అరగదీసే చెయ్యి, చెక్క ఎంతలే అనేవాడు.

మేస్త్రీకి ఆ పడవలో తెలియని అంగుళం లేదు. ఎవరికీ తెలియంది కూడా ఒకటి తెలుసు.

పడక గది ముందు గోడలో, తలగడ వైపు, రెండు గాలి రంధ్రాలు ఉండేవి. ఒక్కోటి అరచేతితో మూయగలిగినంత. బయటి వైపు ఇత్తడి టోపీలు. టోపీలు పాతబడి, వాన పడితే నీళ్లు లోపలికి కారేవి. ఆ మొదటిసారి, పడవ ఇంకో మూడు రోజుల్లో నీళ్లలోకి దిగుతుందనగా డాక్టరు భార్య అడిగింది. "అన్నయ్యా, ఇక్కడికి తేకముందు వానొస్తే నా దిండు తడిసిపోయేది. ఆ చుక్క చుక్క ఆపించండి, పుణ్యముంటుంది."

టోపీలు మార్చి, గోడ వెనక నీళ్లు మళ్లించే చిన్న పెట్టె కడితే కారడం ఆగుతుంది, గాలి ఆడుతుంది. అది రెండు రోజుల పని. మేస్త్రీ టోపీలు పీకేసి, రెండు టేకు బిళ్లలు కోసి, రంధ్రాల్లో దిగ్గొట్టి, జిగురు పెట్టి, వార్నిష్ వేశాడు. ఒక పూటలో అయిపోయింది. గోడ చెక్క చారలు ఎటు పోతున్నాయో చూసి బిళ్లల చారలు అటే కలిపాడు. అతుకు కనపడకూడదు. అతని పనికి ఉన్న పేరంతా అదే. డాక్టరు గోడంతా చేత్తో తడిమి ఎక్కడుందో పట్టుకోలేకపోయాడు. పక్క పడవ యజమానిని పిలిచి పందెం కాశాడు. ఆయనా ఓడిపోయాడు.

డాక్టరు పోయాక విచారణకు వచ్చిన ఆఫీసరు ఆ గోడకే ఆనుకుని రాసుకున్నాడు. పొగగొట్టం చిట్లడం, కిటికీలు మూసి ఉండడం అని రాశాడు. మేస్త్రీ రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. మీరేమైనా చెబుతారా అని ఆఫీసరు అడిగాడు. ఏమీ లేదన్నాడు.

ఆ రంధ్రాలు ఉంటే డాక్టరు బతికేవాడని ఎవరూ చెప్పలేరు. బతికేవాడు కాదనీ చెప్పలేరు. రెండేళ్లుగా మేస్త్రీ ఈ రెండు మాటల్లో రెండోదాన్ని పక్కకు నెట్టి మొదటిదాన్ని పట్టుకుని ఉన్నాడు. చెబితే ఆమె తనే అడిగాను కదా అని మీదేసుకుంటుంది, చెప్పకపోవడమే మేలు అని కూడా అనుకున్నాడు. అలా అనుకుంటే నిద్ర పట్టేది.

రేటు నలభై రెండు లక్షలని తరుగు పలక మీద రాసి షెడ్డు గోడకు తగిలించాడు. మూడో వారం ఒక బేరం వచ్చింది. కొనడానికి వచ్చినాయనకు అచ్చుయంత్రాల ప్రెస్సు ఉంది. భార్యనూ ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకొచ్చాడు. చావు సంగతి తరుగు ముందే చెప్పాడు, కొత్త జనరేటర్ చూపించాడు, అలారం మోగించి చూపించాడు. ప్రెస్సాయన ముప్పై తొమ్మిది లక్షలకు ఒప్పుకున్నాడు. పిల్లలు పడక గదిలోకి దూరి కిటికీ వైపు నాదంటే నాదని కొట్టుకున్నారు.

"ముందు గది వీళ్లకిచ్చేద్దామండీ. తలుపేస్తే గోల మనకు వినపడదు," అంది తల్లి.

మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. చిన్నది గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది. దాని తల సరిగ్గా ఎడమ బిళ్ల మీద ఉంది.

ఆ రోజు శనివారం. బేరం వాళ్లు వెళ్లాక డాక్టరు భార్య బల్ల మీదే కూర్చుంది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ పిల్లలు గంతులేస్తుంటే చూశారా అన్నయ్యా?" అంది. "ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఆ రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆయన పడుకుని ఉన్నారు. మొహం ఎర్రగా, నిండుగా ఉంది. బాగా నిద్ర పట్టింది, లేపడమెందుకులే అనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి, వెనక డెక్కు మీద పరదా కింద కూర్చుని గంటసేపు పేపరు చదివాను. అప్పుడు లేపి ఉంటే... తలుపేసింది నేనే. చంపింది నేనే," అంది.

"అలా అనకండమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆ మాట ఎవరైనా అంటారు. దాని తర్వాత అనాల్సింది అతని దగ్గరొక్కడి దగ్గరే ఉంది. అతను అనలేదు.

గురువారం పదకొండింటికి ప్రెస్సాయన అడ్వాన్సు ఇవ్వడానికి వస్తానన్నాడు. ఆ పొద్దున ఆరింటికే మేస్త్రీ షెడ్డు తాళం తీశాడు. డ్రిల్లుకు గుండ్రటి రంపం బిగించి, పడక మీద పాత దుప్పటి పరిచాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. తన అతుకు తనకే దొరకలేదు. టేపు పెట్టి, మూల నుంచి కొలిచి, పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఎనిమిదయ్యేసరికి రెండు బిళ్లలూ దుప్పటి మీద పడ్డాయి. కొత్త ఇత్తడి టోపీలు కొని తెచ్చుకున్నాడు. ఇది కొత్తగా చేసిన సదుపాయం అని చెబుదామనుకున్నాడు.

తొమ్మిదింటికి తరుగు వచ్చాడు. రంపపు పొట్టు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"నీకేమైనా పట్టిందా బావా? ఇంకో రెండు గంటల్లో డబ్బిచ్చేవాడొస్తుంటే గోడకు బొక్కలేంటి?"

"గాలికి."

"అలారం పెట్టావు కదా?"

"అలారానికి బ్యాటరీ కావాలి. రంధ్రానికి ఏమీ అక్కర్లేదు."

"మరి ఆ గాలేదో నాలుగు నెలల కిందట గుర్తు రాలేదా నీకు?"

మేస్త్రీ జవాబు చెప్పేలోగా నిచ్చెన చప్పుడైంది. డాక్టరు భార్య పైకి వస్తోంది. "ఇచ్చేసే ముందు ఒక్కసారి చూస్తాను," అంది బయటి నుంచే. రెండేళ్లలో ఆమె పడవ ఎక్కడం అదే మొదలు. కూర్చునే గది దాటి, పడక గది గుమ్మంలో ఆగింది.

గోడలోంచి వెలుతురు రెండు గుండ్రాలుగా దుప్పటి మీద పడుతోంది. ఆమె వాటిని చూసింది. తర్వాత పడక మీది బిళ్లను తీసి చేతిలో తిప్పింది.

"ఇక్కడ ఇత్తడి టోపీలుండేవి," అంది. "నా దిండు మీద కారేది."

"అవి ఊరికే అందానికండీ అక్కయ్యగారూ, పాత పడవలన్నిటికీ..." అని తరుగు అందుకున్నాడు.

"నోర్ముయ్యిరా," అన్నాడు మేస్త్రీ.

ఆమె పడక అంచున కూర్చుంది. "ఆపమన్నది నేనే కదా?"

"మీరు నీళ్లు ఆపమన్నారు. గాలి ఆపింది నేను."

ఆమె తలెత్తలేదు. మేస్త్రీ చెప్పుకుంటూ పోయాడు. నీళ్లు ఆపడానికి వేరే దారి ఉందన్నాడు. రెండు రోజుల పని, ఒక పూటలో తేల్చేశానన్నాడు. ఇది పడక గదని, మూస్తే గాలి ఆడదని తనకు తెలుసన్నాడు. మీకు తెలిసే వీలు లేదన్నాడు.

"ఆఫీసరుకు చెప్పారా?"

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు? శనివారం నేను ఆ మాట అన్నప్పుడైనా?"

"మీరు మీదేసుకుంటారని," అన్నాడు. ఆ మాట గదిలో నిలబడలేదు. "అదొక్కటే కాదు. ఈ షెడ్డు పోతుందని."

కింద ఎక్కడో ఎవరో రేకు మీద సుత్తి కొడుతున్నారు. ఆమె రెండో బిళ్ల కూడా తీసుకుని, రెండింటినీ సంచిలో పెట్టుకుంది.

"రేపు పదింటికి విచారణ ఆఫీసుకు వెళ్తాను. ఇదే మాట అక్కడ చెప్పాలి. వస్తారా మేస్త్రీగారూ?"

"వస్తానమ్మా."

నిచ్చెన దిగేటప్పుడు చెయ్యి అందించబోయాడు. ఆమె కమ్మీ పట్టుకుని దిగింది.

ప్రెస్సాయన పదకొండుకు కాస్త ముందే వచ్చాడు. ఆమె షెడ్డు గుమ్మంలోనే ఆయనకు అంతా చెప్పింది. ఆయన విన్నాడు, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, ఆ చెయ్యి అలాగే ఉంచుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఆమె కూడా వెళ్లింది. బల్ల మీద ఆమె గొడుగు మర్చిపోయింది. తరుగు తీసుకెళ్లి ఇవ్వబోయి, గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

పడక గదిలోంచి చెక్క కోస్తున్న చప్పుడు వస్తోంది. తరుగు పలక పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. మేస్త్రీ గోడకు నీళ్లు మళ్లించే పెట్టెలు కట్టడానికి చెక్కలు కొలుస్తున్నాడు.

"ఎవరి కోసం బావా ఇది? రేపు ఆఫీసు వాళ్లు సీలు వేస్తే దీన్ని చూసేవాడే ఉండడు."

"రెండు రోజుల పని. ఇవాళ సగమైనా అవుతుంది."

"సరే, రేటెంత రాయమంటావు?"

"ఇంజన్ల రేటు రాయి."

"మరి నాలుగు నెలల పని?"

"దానికి ఏమీ రాయకు," అని మేస్త్రీ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని రంపం అందుకున్నాడు.

తరుగు చొక్కా అంచుతో పలక తుడిచాడు.