మూడు వందల పన్నెండు మెట్లు

తొమ్మిదేళ్ళుగా ఈ కాలేజీలో నేను తాత్కాలిక లెక్చరర్ని. ఎదురుపడినప్పుడల్లా మా హెడ్డుగారు "నీ పోస్టు దాదాపు ఖాయమేనమ్మా" అంటారు. ఆ దాదాపుతోనే నా తల సగం నెరిసింది. ఈసారి నిజంగానే ఒక పోస్టు పడింది. సొంత పరిశోధన చూపిస్తే చాలన్నారు.

చూపించడానికి నా దగ్గర ఒక సంఖ్య ఉంది. రెండు వేల అంకెలది. అది ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని మామూలు పరీక్షలు ఎప్పుడో చెప్పాయి. అయి ఉంటుందనటం వేరు, అవునని తేలటం వేరు. తేల్చాలంటే దానికి తగిన ఎలిప్టిక్ కర్వ్, అంటే ఓ రకం సమీకరణం, ఒకటి వెతకాలి. అది దొరికితే ఇంకో చిన్న సంఖ్యను చేతిలో పెడుతుంది. ఆ చిన్నది ప్రధానమైతే పెద్దదీ ప్రధానమే. చిన్నదానికి మళ్ళీ ఓ కర్వ్, ఇంకా చిన్న సంఖ్య. అలా దిగుతూ దిగుతూ బడిపిల్లలు కూడా భాగించి చూసుకోగల సంఖ్య దాకా రావాలి. నాకు మూడు వందల పన్నెండు మెట్లు పట్టాయి. ల్యాబులో మూలపడ్డ నాలుగు కంప్యూటర్లు, నేనే రాసుకున్న ప్రోగ్రాము, ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ వంట మా ఆయనదే. "అది పుట్టినప్పటినుంచీ ప్రధానమే అయితే నువ్వు కొత్తగా చేసేదేమిటే?" అని అడిగారు మా అత్తగారు. ఆవిడ ప్రశ్నలో కనీసం ఆలోచన ఉంది.

ఇంటర్వ్యూలో, బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు నా కాగితాలు తిరగేసి, "ఇందులో నిరూపణ లేదే?" అన్నాడు. తీసుకుని చూశాను. నాలుగు వందల పేజీలకు పదే ఉన్నాయి. ముందువి ఐదు, చివరివి ఐదు.

"జత చేసే కాగితాలు పదికి మించకూడదని రూలమ్మా," అన్నారు హెడ్డుగారు, నిమ్మకు నీరెత్తినట్టు. "నేనే తీయించాను. మధ్యలో అన్నీ అంకెలే కదా. మొదలూ చివరా ఉన్నాయిగా."

అరికాలి మంట నెత్తికెక్కింది. లెక్కల శాఖకు హెడ్డు ఈయన! నిచ్చెనకు పై మెట్టూ కింది మెట్టూ ఉంచి, మిగతావన్నీ పీకేసి ఎక్కమంటాడా?

"మొత్తం ఫైలు నా దగ్గరుంది," అన్నాను. "కంప్యూటర్లో వేసి సరిచూడటానికి రెండు నిమిషాలు. నన్ను నమ్మక్కర్లేదు సార్. ఎవరు చూసినా అదే తేలుతుంది."

ప్రొఫెసరు హెడ్డుగారి వైపు చూశాడు.

"గడువు దాటాక కొత్తగా ఏదీ తీసుకోకూడదు," అన్నారు హెడ్డుగారు. ఆ ముక్క మీద వాళ్ళిద్దరూ పావుగంట చర్చించుకున్నారు. ఫైలు చూడటానికి మాత్రం రెండు నిమిషాలు దొరకలేదు.

పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. సాయంత్రం హెడ్డుగారు గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"బాధపడకమ్మా. వచ్చే ఏడాది నీకే. దాదాపు ఖాయం."

"అయితే రాసివ్వండి."

"ఏమని?"

"వచ్చే ఏడాది ఈ పోస్టు నాదని. ఒక్క వాక్యం చాలు."

ఆయన నవ్వబోయి ఆగారు. "నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకంతో పని లేకుండా తేల్చటానికే సార్, ఏడు నెలలు పట్టింది నాకు."

తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టాను. పెన్ను ఆయన జేబులోనే ఉంది. చెయ్యి అటు వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళలో ఆయన నాకిచ్చిన ఖచ్చితమైన జవాబు అదొక్కటే.

మర్నాడు తొమ్మిది గంటల క్లాసుకు నేను వెళ్ళలేదు. ఆ తర్వాత మరే క్లాసుకూ వెళ్ళలేదు.